నాలుగు గడుల జెండా కింద మన హైదరాబాద్ బిడ్డ: డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ గుమ్మటం మీద ఇవాళ ఎగిరేది మువ్వన్నెల జెండా. ఈ సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. కానీ 1950 జనవరి 26 నుంచి 1971 ఆగస్టు 15 వరకు, అంటే 21 ఏళ్లకు పైగా, అక్కడ వేరే జెండా ఎగిరేదని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. అది రాష్ట్రపతి పదవికి ప్రత్యేకించిన జెండా. నీలం, ఎరుపు రంగుల్లో నాలుగు గడులు, ఒక్కో గడిలో బంగారు గీతలతో ఒక్కో బొమ్మ.

ఆ జెండా కింద పనిచేసిన పూర్తికాలపు రాష్ట్రపతులు నలుగురే. మొదటి వారు బాబూ రాజేంద్ర ప్రసాద్. రెండో వారు సర్వేపల్లి రాధాకృష్ణన్, ఇంటిపేరులోనే నెల్లూరు జిల్లా ఊరును మోసిన మనిషి. నాలుగో వారు బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టిన వి.వి. గిరి. ఈ ఇద్దరి మధ్య, మూడో వారిగా వచ్చింది హైదరాబాద్‌లో కళ్లు తెరిచిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాబ్. ఈ దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి. పదవిలో ఉండగానే కన్నుమూసిన మొదటి రాష్ట్రపతి కూడా ఆయనే.

స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి రెండు మూడు లైన్లు ఉంటాయి. పుట్టిన తేదీ, పదవులు, భారతరత్న. అంతే. కానీ ఆయన జీవితాన్ని ఆ జెండా మీది బొమ్మల పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఈ దేశం మీద ముస్లింకు ఉన్న హక్కు గురించి ఆయన వాదనలు పెట్టుకోలేదు. దాన్ని పనిలో చూపించారు.

నాలుగు గడుల్లో ఏముంది?

ముందు ఆ జెండా సంగతి చూద్దాం.

స్వాతంత్య్రానికి ముందు వైస్రాయ్‌కి ఒక జెండా ఉండేది. బ్రిటిష్ వాళ్ల యూనియన్ జాక్, దాని మధ్యలో స్టార్ ఆఫ్ ఇండియా గుర్తు. 1947 తర్వాత మౌంట్‌బాటెన్, ఆయన వెనుక రాజాజీ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు నీలం జెండా వచ్చింది. దాని మీద కిరీటం, కిరీటం మీద నిలబడిన సింహం, కింద ఇండియా అన్న మాట. దేశం స్వతంత్రమైనా ఆ జెండా మీద రాజుగారి కిరీటం మాత్రం మిగిలిపోయింది. 1950 జనవరి 26న మనది గణతంత్రం అయింది. కిరీటం దిగిపోయింది. దాని చోట నాలుగు గడుల జెండా ఎక్కింది.

కర్ర వైపు పై గడి నీలం. అందులో సారనాథ్ అశోక స్తంభం మీది సింహాలు. ఇవి ఐక్యతకు గుర్తు. దాని పక్కన పై గడి ఎరుపు. అందులో అజంతా గుహల గోడ మీది ఏనుగు. ఇది ఓర్పుకు, బలానికి గుర్తు. కర్ర వైపు కింది గడి ఎరుపు. అందులో ఢిల్లీ ఎర్రకోట నుంచి తీసుకున్న త్రాసు. ఇది న్యాయానికి, పొదుపుకు గుర్తు. చివరి గడి మళ్లీ నీలం. అందులో సారనాథ్ శిల్పాల్లోని తామరల కలశం. ఇది సిరిసంపదలకు గుర్తు.

ఇప్పుడు ఇందులో మనం ఆగి చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది ఆ త్రాసు. షాజహాన్ బాద్షా 1639లో మొదలుపెట్టి 1648 నాటికి పూర్తి చేయించిన ఎర్రకోటలో ఖాస్ మహల్ అనే భవనం ఉంది. అందులో ఒక పాలరాతి జాలీ మీద త్రాసు చెక్కి ఉంటుంది. దాన్ని మీజానె అద్ల్ అంటారు, అంటే ఇన్సాఫ్ తూచే త్రాసు. బాద్షా గదుల్లో, ఆయన రోజూ తిరిగే చోట దాన్ని చెక్కించారు. రహ్మాన్ సూరా చదివే ప్రతి ఇంట్లో మీజాన్ అన్న మాట పరిచయమే. తూకంలో తేడా చేయకూడదన్న హెచ్చరికా పరిచయమే. ఒక మొగల్ బాద్షా గోడ మీది ఆ గుర్తును స్వతంత్ర భారతం తీసుకుని తన దేశాధినేత జెండాలో అశోకుడి సింహాల కిందే పెట్టుకుంది.

రెండోది ఆ ఏనుగు. అజంతా గుహలు ఇవాళ మహారాష్ట్రలో ఉన్నాయి. 1950లో ఆ జెండా ఎగిరిన రోజున మాత్రం అవి హైదరాబాద్ రాష్ట్రంలోనివి. అంతకు ముందంతా నిజాం సంస్థానంలోనివి. గోడల మీది బౌద్ధ చిత్రాలు పెచ్చులూడి రాలిపోతుంటే నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి వాటిని నిలబెట్టించింది. సంస్థానం పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యజ్దానీ ఏళ్ల తరబడి కష్టపడి ఆ చిత్రాల మీద పెద్ద పెద్ద సంపుటాలు తెచ్చారు. బుద్ధుడి కథల బొమ్మలను కాపాడే పని ముస్లిం సర్కారు నెత్తిన వేసుకుంది. ఆ గోడల నుంచే ఏనుగు జెండా ఎక్కింది.

సింహం, ఏనుగు, త్రాసు, కలశం ఒకే గుడ్డ మీద పక్కపక్కన ఉన్నాయి. దేన్నీ ఎవరూ పరాయిది అనలేదు.

హైదరాబాద్ నుంచి ఖాయంగంజ్ దాకా

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పాలన. నగరం మీద ఎగిరేది కుల్చా గుర్తున్న అసఫ్‌జాహీ జెండా. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఆఫ్రీదీ పఠాన్. ఉత్తరాన ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్ నుంచి దక్కన్‌కు వచ్చి వకీలుగా పేరు తెచ్చుకున్నారు. తల్లి నాజ్‌నీన్ బేగం. ఏడుగురు అన్నదమ్ముల్లో జాకిర్ మూడోవాడు. ఖురాన్, ఉర్దూ, ఫార్సీ ఇంట్లోనే మొదలయ్యాయి.

పదేళ్ల వయసులో, 1907లో, తండ్రి పోయారు. తల్లి పిల్లలను తీసుకుని ఖాయంగంజ్ వెళ్లిపోయింది. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చేర్చారు. 1911లో ప్లేగు వచ్చింది. తల్లినీ, ఇంట్లో మరికొందరినీ తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లవాడయ్యాడు.

హైదరాబాద్‌తో ఇంటి బంధం మాత్రం తెగలేదు. తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ తర్వాత కాలంలో ఉస్మానియా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పారు.

స్కూలు తర్వాత జాకిర్ అలీగఢ్ ఎంఏఓ కాలేజీకి వెళ్లారు. డాక్టర్ చదువుదామని లక్నో వెళ్తే జబ్బు చేసి అది ఆగిపోయింది. మళ్లీ అలీగఢ్‌కే వచ్చి 1918లో డిగ్రీ పూర్తి చేశారు. 1915లోనే షాజహాన్ బేగంతో నికాహ్ అయింది.

ఇరవై ఏళ్ల మాట

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. బ్రిటిష్ సర్కారు డబ్బుతో నడిచే కాలేజీలను వదిలేయమని పిలుపు ఇచ్చారు. సర్కారు కాలేజీ వదిలేస్తే మరి చదువు ఎక్కడ? దానికి జవాబుగా అదే ఏడాది అక్టోబర్ 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. కాలేజీ వదిలి బయటికొచ్చిన వాళ్లలో 23 ఏళ్ల జాకిర్ ఒకరు. మంచి ఉద్యోగం, హోదా రాసిపెట్టి ఉన్న దారిని వదిలేసి టెంట్లలో నడిచే సంస్థలోకి వచ్చారు.

1922లో పైచదువుకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. విషయం బ్రిటిష్ ఇండియాలో వ్యవసాయ వ్యవస్థ. అక్కడుండగానే గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు. ఇంతలో ఇక్కడ జామియా మూతపడే స్థితికి వచ్చింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది, చందాలు ఆగిపోయాయి. 1925లో సంస్థను అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మార్చారు. కబురు తెలిసి జాకిర్, ఆయన స్నేహితులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ ముగ్గురూ తమ జీవితం జామియాకే అని మాట ఇచ్చారు. 1926లో తిరిగొచ్చారు. జాకిర్‌కు అప్పుడు 29 ఏళ్లు. షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్, అయ్యారు.

పేరు పెద్దదే గానీ పెట్టెలో పైసా లేదు. పెద్ద దిక్కుగా ఉన్న హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర్లో పోయారు. అప్పుడు ఉస్తాదులంతా కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఇరవై ఏళ్లు జామియాను వదలం, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోం. రాసుకోవడం తేలికే, ఇరవై ఏళ్లు నడపడం కష్టం. జాకిర్ సాబ్ 1948 దాకా, అంటే 22 ఏళ్లు, అదే కుర్చీలో ఉన్నారు.

ఆయన గురించి జామియాలో రెండు సంగతులు చెప్పుకుంటారు. పిల్లలు మురికి బూట్లతో వస్తున్నారని ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒక రోజు పొద్దున్నే తానే బ్రష్షూ పాలిషూ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. వచ్చిన పిల్లల బూట్లు తుడవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండోది గుండె పిండే సంగతి. ఒక రోజు చిన్న పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. మనిషి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ముఖం మారలేదు, పంచడం ఆపలేదు. అంతా అయ్యాక గానీ ఆయన చిన్న కూతురు రెహానా పోయిందని మిగతావాళ్లకు తెలియలేదు. పిల్లల పండగ ఎందుకు పాడుచేయాలని ఆగారు. తర్వాత పిల్లల కథలు రాసినప్పుడు ఆ కూతురి పేరు కలిపిన కలం పేరు పెట్టుకున్నారు. అబ్బూ ఖాన్ మేక కథ ఉర్దూ చదివిన చాలామందికి చిన్నప్పటి జ్ఞాపకం.

1935లో ఓఖ్లాలో జామియా సొంత భవనానికి పునాది రాయి వేశారు. వేసింది ఏ నవాబో, మంత్రో కాదు. స్కూల్లో అందరికంటే చిన్న పిల్లవాడితో వేయించారు. 1937లో వార్ధాలో గాంధీజీ కొత్త చదువు గురించి సమావేశం పెట్టినప్పుడు ఆ పథకం తయారు చేసే కమిటీకి జాకిర్ హుస్సేన్‌నే అధ్యక్షుడిని చేశారు. చేతిపనితో కలిపి చదువు నేర్పే బేసిక్ స్కూళ్లు అలా వచ్చాయి. ఆ పథకాన్ని ముస్లిం లీగ్ గట్టిగా వ్యతిరేకించింది. ఆయన మాత్రం పని ఆపలేదు.

జలంధర్ స్టేషన్‌లో

1946 నవంబర్‌లో జామియాకు పాతికేళ్ల ఉత్సవం జరిగింది. బయట దేశం తగలబడుతోంది. అలాంటి రోజుల్లో నెహ్రూ, మౌలానా ఆజాద్ ఒక పక్క, జిన్నా, లియాఖత్ అలీ ఇంకో పక్క ఒకే వేదిక మీద కూర్చున్నారు. అప్పట్లో అలా కూర్చోబెట్టగలిగిన మనిషి వేరెవరూ లేరు. జాకిర్ సాబ్ వాళ్లందరి ముందు నిలబడి, నిప్పు ఎవరు పెట్టారో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఆర్పండి అన్న అర్థంలో వేడుకున్నారు. నిప్పు ఆరలేదు.

1947 ఆగస్టులో ఆయన రైల్లో కాశ్మీర్‌కు బయలుదేరారు. జలంధర్ స్టేషన్‌లో అల్లరి మూక చుట్టుముట్టింది. ముస్లిం అన్నదొక్కటే నేరం. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి అడ్డుపడబట్టి ప్రాణాలు దక్కాయి. చావు అంచు దాకా వెళ్లొచ్చిన మనిషి ఢిల్లీకి తిరిగొచ్చి చేసిన మొదటి పని శరణార్థుల మధ్యకు వెళ్లడం.

ఇల్లు కూడా రెండు ముక్కలైంది. చిన్న తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మంత్రి అయ్యారు. జాకిర్ సాబ్ ఇక్కడే ఉండిపోయారు. అలాంటి ఇళ్లు మన దగ్గరా లేకపోలేదు. ఒక అన్న ఇటు, ఒక తమ్ముడు అటు. ఆ బాధ తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1948లో ఇంకో కష్టమైన పని వచ్చింది. అలీగఢ్ యూనివర్సిటీ మీద అప్పుడు దేశమంతా అనుమానం. పాకిస్తాన్ ఉద్యమానికి అడ్డా అన్న ముద్ర పడింది. మూసేయాలన్న మాటలు కూడా వినిపించాయి. తాను ఒకప్పుడు వదిలి వచ్చిన ఆ విద్యాసంస్థనే కాపాడటానికి ఆయన వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. 1956 దాకా ఉండి దాన్ని నిలబెట్టారు. ఈ రోజు మన పిల్లలు అలీగఢ్ ఎంట్రన్స్ రాస్తున్నారంటే అందులో ఆ ఎనిమిదేళ్ల కష్టం కూడా ఉంది.

పాట్నా నుంచి ఢిల్లీకి

1957లో బిహార్ గవర్నర్ అయ్యారు. గవర్నర్లకు కూడా అప్పట్లో వేరే జెండా ఉండేది. కాషాయ రంగు గుడ్డ మీద అశోక సింహాల చిహ్నం, కింద రాష్ట్రం పేరు. పాట్నా రాజ్‌భవన్‌లో ఆ జెండా కింద అయిదేళ్లు పనిచేశారు. 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న వచ్చింది.

1967 వచ్చేసరికి రాజకీయం మారిపోయింది. ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది. ఎన్నో రాష్ట్రాలు చేజారాయి. రాధాకృష్ణన్ పదవీకాలం ముగుస్తోంది. ఇందిరా గాంధీ జాకిర్ హుస్సేన్‌ను నిలబెట్టాలన్నారు. పార్టీలోనే పెద్దలు కొందరు వెనకాడారు. ఒక ముస్లింకు ఓట్లు పడతాయా? ఓడిపోతే ఏమవుతుంది? ఈ అనుమానాలు బహిరంగంగానే నడిచాయి.

ప్రతిపక్షాలు నిలబెట్టిన అభ్యర్థి ఎవరో తెలుసా? మన తెలుగువారే. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని గోలక్‌నాథ్ కేసులో చెప్పిన తీర్పు ఆయన కాలంలోనిదే. ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి బరిలోకి దిగారు. ఇద్దరూ మచ్చలేని మనుషులు. ఒకరు తెలుగు గడ్డ మీద పెరిగినవారు, ఒకరు హైదరాబాద్‌లో పుట్టినవారు.

మే 6న పోలింగ్, 9న లెక్కింపు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ వచ్చింది. సుబ్బారావుకు 3,63,971. లక్షకు పైగా తేడా. ఈ ఓట్లు వేసింది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అందులో అత్యధికులు ముస్లిమేతరులే. వెనకాడిన వాళ్ల అనుమానం తప్పని తేలింది.

ఆ ఏడాది హైదరాబాద్‌కు ఇంకో రకంగానూ గుర్తుండే ఏడాది. ఫిబ్రవరి 24న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. సంస్థానాన్ని ఏలిన చివరి మనిషి వెళ్లిపోయిన మూడు నెలలకే అదే ఊళ్లో పుట్టిన ఒక వకీలు కొడుకు ఓట్లతో గెలిచి మొత్తం దేశానికి అధినేత అయ్యాడు. ఒక జెండా వంశంతో వచ్చింది, ఇంకో జెండా ఓటుతో వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది.

జెండా మర్యాదలు

1967 మే 13న పార్లమెంటు సెంట్రల్ హాల్లో ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ ప్రమాణం చేయించారు. ఆ రోజు జాకిర్ సాబ్ మాట్లాడుతూ, తనకు ఈ దేశమంతా ఇల్లేననీ, ఇక్కడి జనమంతా కుటుంబమేననీ అన్న అర్థంలో చెప్పారు. జలంధర్ స్టేషన్‌లో చావు తప్పించుకున్న మనిషి ఇరవై ఏళ్లకు ఈ మాట చెప్పాడని గుర్తుంచుకోవాలి.

ఇక ఆ రోజు నుంచి నాలుగు గడుల జెండా ఆయన పదవికి గుర్తు. ఇలాంటి జెండాకు చాలా దేశాల్లో ఉన్న పద్ధతి ఇది. దేశాధినేత భవనంలో ఉంటే జెండా ఎగురుతుంది. ఊరు వదిలి వెళ్తే దిగుతుంది. అంటే జెండా చూస్తే చాలు, ఇంటాయన ఇంట్లో ఉన్నాడో లేడో జనానికి తెలుస్తుంది. కారు ముందు కూడా అదే జెండా చిన్న సైజులో ఉంటుంది. పండగ రోజుల్లో ముందూ వెనుకా గుర్రాల మీద రాష్ట్రపతి అంగరక్షక దళం నడుస్తుంది. 1773లో మొదలైన దళం అది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రాష్ట్రపతి జెండా ఎంత గొప్పదైనా జాతీయ జెండా చోటులోకి రాదు. రిపబ్లిక్ డే నాడు కర్తవ్య పథ్‌లో (అప్పట్లో రాజ్‌పథ్) రాష్ట్రపతి వచ్చాక విచ్చుకునేది మువ్వన్నెల జెండాయే. జాతీయ గీతం, 21 శతఘ్నుల వందనం దానికే. 1968లోనూ, 1969లోనూ జాకిర్ సాబ్ అలా నిలబడి సెల్యూట్ అందుకున్నారు. రాష్ట్రపతి జెండా చెప్పేది పదవి ఎక్కడుందో. మువ్వన్నెల జెండా చెప్పేది దేశం ఏదో.

ఆ హోదా మధ్య ఆయన మాత్రం టీచరుగానే మిగిలిపోయారు. గులాబీలంటే ప్రాణం. రాష్ట్రపతి భవన్ మొగల్ గార్డెన్‌లో కొత్త కొత్త రకాలు తెప్పించి నాటించారు. చండీగఢ్‌లో 1967లో వేసిన పెద్ద గులాబీ తోటకు ఆయన పేరే పెట్టారు. రకరకాల రాళ్లు, శిలాజాలు పోగుచేయడం ఇంకో అలవాటు. ప్లేటో రాసిన రిపబ్లిక్‌ను ఉర్దూలోకి తెచ్చిందీ ఆయనే. న్యాయమైన రాజ్యం ఎలా ఉండాలన్న పుస్తకాన్ని వయసులో ఉండగా తర్జుమా చేసిన మనిషి, పెద్దవాడయ్యాక న్యాయం త్రాసు ఉన్న జెండా కింద కూర్చున్నాడు.

ఆయన మీద విమర్శలు లేవా? ఉన్నాయి. మన కౌమ్‌లోనే కొందరు ఆయన గట్టిగా మాట్లాడరని, సర్కారు మనిషి అయిపోయారని అన్నారు. ఇంకో వైపు కొందరు ముస్లిం కాబట్టే పదవి ఇచ్చారన్నారు. రెండు వైపులా రాళ్లు పడ్డాయి. పోల్చి చూస్తే జవాబు ఆయన జీవితంలోనే ఉంది. పదవులు వచ్చింది అరవై దాటాక. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా అతి తక్కువ జీతంతో పిల్లలకు చదువు చెప్పించారు. అది ఎవరూ దానంగా ఇచ్చిన హోదా కాదు.

1969 మే 3

1969 ఏప్రిల్ చివర్లో ఈశాన్య రాష్ట్రాల పర్యటన నుంచి ఆరోగ్యం దెబ్బతిని తిరిగొచ్చారు. మే 3 ఉదయం రాష్ట్రపతి భవన్‌లోనే గుండెపోటు వచ్చింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వయసు 72. పదవిలోకి వచ్చి రెండేళ్లు నిండటానికి ఇంకా పది రోజులుంది.

రాజ్యాంగం ప్రకారం కుర్చీ ఖాళీగా ఉండకూడదు. అదే రోజు ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మనిషి పోయినా పదవి ఆగదు. రాష్ట్రపతి చనిపోతే దేశమంతటా జాతీయ జెండాను అవనతం చేస్తారు. దానికీ ఒక పద్ధతి ఉంది. జెండాను ముందు కొయ్య చివరి దాకా ఎత్తి, తర్వాతే సగానికి దించుతారు. సాయంత్రం దించేటప్పుడు కూడా మళ్లీ పైదాకా ఎత్తాకే దించాలి. దుఃఖంలో కూడా జెండాకు మొదట దాని పూర్తి ఎత్తు దక్కాలన్నది నియమం.

దర్బార్ హాల్లో పార్థివ శరీరాన్ని ఉంచారు. జనం బారులు తీరి చివరి చూపు చూసుకున్నారు. మే 5న ఫిరంగి బండి మీద జనాజా బయలుదేరింది. వెళ్లింది ఓఖ్లాకు, జామియాకు. తాను 22 ఏళ్లు నడిపిన సంస్థ ఆవరణలోనే, సైనిక లాంఛనాల మధ్య దఫన్ జరిగింది.

ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో శవపేటిక మీద మువ్వన్నెల జెండా కప్పుతారు. కాషాయం తల వైపు ఉండాలి. కానీ ఆ జెండా సమాధిలోకి పోకూడదు, చితి మీద కాలకూడదు. అంతకు ముందే తీసేయాలి. మన ఇళ్లలో మయ్యత్ చూసిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. రాష్ట్రపతి అయినా, రిక్షా తొక్కేవాడైనా, మట్టిలోకి దిగేది తెల్లటి కఫన్‌తోనే. జెండా పైన బతికి ఉన్నవాళ్ల దగ్గర ఉండిపోతుంది.

ఆ సమాధి మీద కట్టడాన్ని ప్రముఖ ఆర్కిటెక్ట్ హబీబ్ రహమాన్ రూపొందించారు. పాలరాతి జాలీల మధ్య గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే చోటు. చుట్టూ పిల్లలు చదువుకుంటూ ఉంటారు.

ఆ జెండా ఏమైంది?

రెండేళ్ల తర్వాత, 1971 ఆగస్టు 15న, వి.వి. గిరి రాష్ట్రపతిగా ఉన్నప్పుడు నాలుగు గడుల జెండాను ఆపేశారు. గవర్నర్ల జెండాలు కూడా ఆగిపోయాయి. అప్పటి నుంచి రాష్ట్రపతి భవన్ మీద అయినా, రాష్ట్రపతి కారు మీద అయినా మువ్వన్నెల జెండా ఒక్కటే. తర్వాత ఫకృద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం రాష్ట్రపతులయ్యారు. వాళ్ల కాలానికి ఆ జెండా లేదు. అలా ఆ త్రాసు గుర్తు కింద అయిదేళ్ల పదవికి ఎన్నికైన ముస్లిం రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఒక్కరే అయ్యారు.

జెండా పోయింది గానీ దాని మీది బొమ్మలు వచ్చిన చోట్లు ఎక్కడికీ పోలేదు. సెలవుల్లో పిల్లలతో ఢిల్లీ వెళ్తే ఎర్రకోటలో దివానె ఆమ్ చూసి వెనక్కి వచ్చేయకండి. ఖాస్ మహల్ దాకా నడవండి. పాలరాతి జాలీ మీది ఆ త్రాసును చూపించండి. ఇది ఒకప్పుడు మన దేశాధినేత జెండా మీద ఉండేదని చెప్పండి. మెట్రో ఎక్కి జామియా దగ్గర దిగి జాకిర్ సాబ్ మజార్ దగ్గర ఫాతిహా చదవండి. ఔరంగాబాద్ వైపు వెళ్తే అజంతాలో ఏనుగుల బొమ్మలు చూపించి, వాటిని రాలిపోకుండా నిలబెట్టడానికి హైదరాబాద్ సర్కారు పడ్డ కష్టం చెప్పండి.

మీరు ఎక్కడి వాళ్లని స్కూల్లోనో, బస్సులోనో ఎవరైనా అడిగి మన పిల్లవాడు చిన్నబోయి ఇంటికొస్తే, ఈ కథ పనికొస్తుంది. కోపంతో జవాబు చెప్పడం నేర్పక్కర్లేదు. హైదరాబాద్‌లో పుట్టి, తల్లీ తండ్రీ లేకుండా పెరిగి, పాతికేళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పి, దేశమంతా నా ఇల్లే అని నిలబడ్డ ఒక ఉస్తాద్ గురించి చెప్పండి. ఆ మనిషి చేసినట్టు చదువుకోమని చెప్పండి. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక.